కొంగు కింద పడిందమ్మా

ఎనభైల మొదట్లో, ఇథియోపియాలో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు సంభాషణ నేర్పే ఉద్యోగం నాకు ఖాయమైంది. "మీ ఇంగ్లీషులో తెలుగు వినిపిస్తోంది" అన్నారు ఇంటర్వ్యూలో. అంతే, విమానం ఎక్కేదాకా తెలుగు నోట రానివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ వారమే దేశ రాజధానిలో, ఆర్.కె. పురంలో బస్సెక్కాను. పక్క సీట్లో ఒకావిడ, ఒళ్ళో రేకుపెట్టె, చేతిలో ఏదో ఆసుపత్రి చిరునామా. నర్సు ఉద్యోగానికి కొత్తగా వచ్చినట్టుంది. నా సంచి మీద మా ఊరి బట్టలకొట్టు పేరు తెలుగులో ఉండటం చూసి ఆవిడ మొహం విప్పారింది.

"మీరు తెలుగువాళ్ళేనాండీ? ఈ ఆసుపత్రికి ఎక్కడ దిగాలండీ?"

"సారీ, ఐ డోంట్ నో తెలుగు" అన్నాను.

"సారీ మేడమ్" అని కాగితం మడిచేసుకుంది. కండక్టరును అడిగితే అతను హిందీలో గబగబా ఏదో చెప్పాడు. అది అర్థంకాక, తరవాతి స్టాపులోనే దిగడానికి లేచింది. ఆసుపత్రి ఇంకా నాలుగు స్టాపుల అవతల ఉందని నాకు తెలుసు. నేను కిటికీ వైపు తిరిగాను.

దిగబోతూ, ఆవిడ అలవాటు కొద్దీ తెలుగులోనే అంది: "కొంగు కింద పడిందమ్మా, తొక్కేస్తారు."

చటుక్కున వంగి కొంగు అందుకున్నాను. తలెత్తేసరికి ఆవిడ నన్నే చూస్తోంది. పెట్టె పట్టుకుని దిగిపోయింది.

ఇథియోపియాలో మా పుస్తకంలో మూడో పాఠం దారి అడగడం. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి. ఎన్నేళ్ళు ఆ పాఠం చెప్పినా అడిగే వంతే నేను తీసుకున్నాను. జవాబు పిల్లలకు వదిలేశాను. వాళ్ళలో ఒక్కరూ తెలియదనలేదు.