చప్పుడు లేని సైకిలు

మా నాయన ఎద్దును చూసినట్టు చూసి నాకు సైకిలు కొన్నాడు. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం కోపం లేదు. కోపం ఉన్న రోజులు వేరే ఉన్నాయి, అవీ చెబుతాను.

యాభైల చివర్లో మాకు వరసగా రెండేళ్లు వానలు లేవు. మా కాడెద్దుల్లో ఒకటి మేత లేక చచ్చిపోయింది. మిగిలిన ఒంటెద్దుతో సేద్యం కాదు, దానికి జత కొనే స్తోమత లేదు. అదే ఏడు నేను ఊరి బడి ముగించి కళ్యాణదుర్గం హైస్కూల్లో చేరాలి. మా ఊరి నుంచి ఐదు మైళ్లు. బస్సు లేదు. పిల్లవాడు రోజూ నడిచి పోయి నడిచి వస్తే ఇంక చదివేదెప్పుడని మా బడి అయ్యవారు నాయనను అడిగారు. నాయన రెండు రోజులు కొట్టంలో ఎద్దు పక్కనే కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకొని ఎద్దును సంతకు తోలాడు.

కరువులో ఎద్దుకు ధర ఏం వస్తుంది? అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఎవరెవరో వచ్చి దాని నోరు తెరిచి చూస్తుంటే, పక్కటెముకలు తడిమి పెదవి విరుస్తుంటే, నాయన పలుపు పట్టుకొని తల దించుకొని నిలబడ్డాడు. ఆయనను అలా నేనెప్పుడూ చూడలేదు. అమ్మకం అయ్యాక దుడ్లు మొలకు కట్టుకొని నేరుగా సైకిలు అంగడికి నడిచాడు.

అంగడి ఒక సాయిబుది. కొత్త సైకిళ్ల వైపు మేం చూడను కూడా లేదు. గోడకు ఆనించిన పాతవాటిలో మా దుడ్లకు అందేవి రెండే. ఒకటి ఆకుపచ్చది, తేలికది. రంగు అక్కడక్కడ లేచిపోయినా హ్యాండిలు తళతళలాడుతోంది. రెండోది నల్లది, బరువైంది, బళ్ళారి దండులో ఎవరో సిపాయి తొక్కి తొక్కి అమ్మేసినది. నేను అడుగు పెట్టగానే ఆకుపచ్చదాన్ని చూశాను, ఇంక రెండోదాని మీదికి చూపు పోలేదు. మనసు పడటం అంటే ఏమిటో నాకు పదమూడో ఏట ఆ అంగట్లోనే తెలిసింది.

నాయనకు చదువు రాదు, సైకిలు తొక్కడం అంతకన్నా రాదు. కానీ ఎద్దును ఎంచడంలో చుట్టుపక్కల ఊళ్లలో ఆయన మాటకు తిరుగు లేదు. ఎవరు సంతకు పోయినా ఇంటికొచ్చి ఆయనను పిలుచుకొని పోయేవారు. పండ్లు చూసి వయసు చెప్పేవాడు, సుడి చూసి గుణం చెప్పేవాడు. అన్నీ అయ్యాక ఎద్దును నాలుగడుగులు నడిపించి, కళ్లు మూసుకొని చెవి పెట్టేవాడు. కీలు టక్కుమంటే, అది ఎంత అందమైన ఎద్దయినా వద్దనేవాడు. చప్పుడు చేసే కీలు కాడి కింద ఏడాది నిలవదని ఆయన లెక్క.

ఇక్కడా అదే చేశాడు. టైర్లు గిట్టలు నొక్కినట్టు నొక్కాడు. సీటు మీద అరచేత్తో చరిచాడు. "నడిపించు సాయిబూ" అని గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. సాయిబు ఆకుపచ్చదాన్ని తోసుకుంటూ నడిచాడు. వెనక చక్రం టిక్ టిక్ టిక్ అని శ్రావ్యంగా పలికింది. నాయన మొహం చిట్లించాడు. తరవాత నల్లది. దానికి చప్పుడే లేదు. పైగా చక్రంతో పాటు పెడళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి. నాయన కళ్లు తెరిచి, "చూడరా, అదిలిస్తానే అడుగులేస్తాండాది" అన్నాడు.

సాయిబు మంచివాడు. "అట్ల కాదు పెద్దాయనా, ఆ చప్పుడు దానికి ఉండాల్సిందే..." అని మొదలుపెట్టాడు.

"ఏమప్పా, కుంటెద్దును అమ్మేటోడు గూడా దాని నడకే అంత అంటాడు" అన్నాడు నాయన. పంక్చరు కోసం కూర్చున్న మా ఊరివాళ్లు ఇద్దరు పకపకా నవ్వారు. సాయిబూ నవ్వి నా వైపు చూశాడు.

నాకు తెలుసు. గంటకింత అని బాడుగ సైకిళ్ల మీద తొక్కడం నేర్చుకున్నవాణ్ణి. ఆ టిక్ టిక్ ఫ్రీవీలుది. అది ఉంటే మనం తొక్కడం ఆపినా చక్రం తన దారిన తాను పరుగెత్తుతుంది. లేకపోతే చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, కాళ్లకు విశ్రాంతి అనేదే లేదు. ఒక్క మాట అంటే చాలు, ఆకుపచ్చది నాదయ్యేది. కానీ పొద్దున తల వంచుకొని నిలబడిన మనిషి ఇప్పుడు నలుగురిలో నడుం నిటారుగా పెట్టి మాట్లాడుతున్నాడు. "నల్లదే బాగుండాది నాయనా" అన్నాను. ఆయన తువ్వాలు చేతి మీద కప్పుకొని ముందుకు చాపాడు. సంతలో బేరమంతా తువ్వాలు కింద వేళ్లతోనే. సాయిబు మారు మాట్లాడకుండా తన చేయి అందులో పెట్టాడు.

ఆ సైకిలును నాయన కొట్టంలో ఎద్దును కట్టేసే చోటే నిలబెట్టాడు. రోజూ సాయంత్రం గుడ్డతో తుడిచేవాడు. వచ్చినవాళ్లందరికీ తానెలా ఎంచాడో చెప్పేవాడు. నేను పక్కన కూర్చొని పళ్లు కొరుక్కుంటూ వినేవాణ్ణి.

మా దారిలో ఒక పెద్ద మిట్ట ఉంది. ఎక్కేటప్పుడు అందరికీ కష్టమే. దిగేటప్పుడు నాకొక్కడికే కష్టం. చక్రం పరుగెత్తుతుంటే దానితో పాటు కాళ్లు పిచ్చిపట్టినట్టు తొక్కాలి. తప్పితే పెడల్ వచ్చి ముంగాలు మీద కొడుతుంది. రక్తం కారితే ముళ్లకంప గీరుకునిందని ఇంట్లో చెప్పేవాణ్ణి. ఆ ఆకుపచ్చ సైకిలును మా క్లాసులోనే చదివే చెనక్కాయల వ్యాపారి కొడుకు కొనుక్కున్నాడు. వాడు నా పక్కనుంచే, కాళ్లు కదపకుండా, చొక్కా గాలికి ఎగురుతుంటే టిక్ టిక్ మని దిగిపోయేవాడు. వాణ్ణి తిట్టని రోజు లేదు. కుళ్లే, కాదనను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ మిట్ట మీద నుంచి ఊరికే కూర్చొని, చెనక్కాయ చేలను చూసుకుంటూ దిగాలని ఉండేది. అంతకంటే పెద్ద కోరిక ఆ వయసులో నాకు ఇంకోటి లేదు. సాయంత్రం నాయన "ఎట్లుండాదిరా?" అని అడిగితే "బో బాగుండాది నాయనా" అనేవాణ్ణి.

మూడో ఏడు నాయన మడమలో తుమ్మముల్లు విరిగి కాలు చీము పట్టింది. ఆసుపత్రికి సైకిలు మీద తీసుకుపోయాను. ఆయన క్యారియరు మీద కూర్చోవడం అదే మొదలు. మిట్ట దిగేటప్పుడు ఇద్దరి బరువుకు సైకిలు నా చేతుల్లో నిలవలేదు. కాళ్లు అందుకోలేక పైకెత్తేశాను. పెడళ్లు వాటికవే గిర్రున తిరుగుతున్నాయి, ఒకటి నా ముంగాలికి తగిలి చర్మం లేచిపోయింది. ఆ సమయానికే ఆకుపచ్చ సైకిలువాడు మమ్మల్ని దాటుకొని, కాళ్లు కదపకుండా, చల్లగా దిగిపోయాడు.

బ్రేకు పట్టి పట్టి కింద ఎలాగో ఆపాను. నాయన దిగాడు. పశువుల నడక చూసి రోగం చెప్పే మనిషికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. వంగి నా ముంగాళ్లు చూశాడు. కొత్త దెబ్బ కింద పాత మచ్చలు వరసగా ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచిరా ఇట్ల?"

"మొదట్నుంచీ."

"నీకు ముందే తెలుసునా?"

నేను వంగి చేత్తో రక్తం తుడుచుకున్నాను. ఆయన సైకిలు సీటు మీద చేయి వేశాడు.

"ఆ పొద్దే చెప్పల్ల గదరా. నేనంటే అంత బయమా నీకు?"

భయం కాదు. అది నోటిదాకా వచ్చింది. కానీ భయం కాదంటే మరేమిటో చెప్పాలి. మా ఇళ్లల్లో కొడుకులు తండ్రులకు అలాంటి మాటలు చెప్పరు. ఎలా చెబుతారో కూడా నాకు తెలియదు. "ఆస్పత్రి మూసేస్తారు నాయనా, ఎక్కు" అన్నాను.

ఆ తరవాత నాయన సైకిలును తుడవడం మానేశాడు. సంతకు రమ్మని ఎవరైనా వస్తే "నాకేం తెల్సప్పా, ఇంకెవర్నన్నా పిల్చుకోండి" అనేవాడు. వాళ్లు తమాషా అనుకొని నవ్వేవారు. నేను ఇంట్లో కూర్చొని ఆ మాట వింటూ, ఇవాళ చెప్పేస్తాను, రేపు చెప్పేస్తాను అనుకునేవాణ్ణి. అనుకుంటూనే ఎస్సెస్సెల్సీ పాసయ్యాను, ఉద్యోగంలో చేరాను. మొదటి జీతంతో ఫ్రీవీలు ఉన్న కొత్త సైకిలు కొన్నాను. ఎన్నో మిట్టలు కాళ్లు కదపకుండా దిగాను. నిజం చెబుతున్నాను, అనుకున్నంత సుఖం అందులో ఏమీ లేదు.

అరవైల దశకంలోనే నాయన పోయాడు. ఆయనంటే నాకున్న ప్రేమ ఎంతో ఈ డెబ్బై ఏళ్ల వయసులో ఎవరికైనా చెప్పగలను, ఆయనకు తప్ప. కొడుకు తనకు భయపడి మూడేళ్లు కాళ్లు కొట్టించుకున్నాడని అనుకుంటూనే ఆయన వెళ్లిపోయాడు.