మా తోడల్లుడి ఫోర్కులు

పోయిన వారం స్కూటరుకు బ్రేకు కేబులు కొందామని విడిభాగాల దుకాణానికి వెళితే, కౌంటరులో ఉన్న అమ్మాయి కంప్యూటరులో చూసి, "ఈ నంబరు ఆపేశారంకుల్, దీని బదులు ఇంకో నంబరు వస్తోంది, కంపెనీదే, ఇమ్మంటారా?" అని అడిగింది. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఉద్యోగమంతా స్టోర్సులోనే గడిపి, కొన్ని వందలమందికి ఆ మాటే చెప్పినవాణ్ణి నేను. అయినా ఆ "బదులు" అన్న మాట చెవిన పడగానే కడుపులో పాత మంట ఒకటి రాజుకుంది. కేబులు తీసుకుని ఇంటికొచ్చి కాఫీ తాగుతున్నంతసేపూ ఖతర్‌లో ఆ శుక్రవారం, ఆ ఇసుక, కొలబద్ద పట్టుకున్న ఇంగ్లీషు పెద్దమనిషి, వీటన్నిటికన్నా ముందు మా తోడల్లుడి నవ్వు, కళ్ళముందు కదులుతూనే ఉన్నాయి.

నాకు కాలేజీ రోజుల నుంచీ డైరీ రాసే అలవాటు. ఇది రాయబోయే ముందు తీసి చూసుకున్నాను. తొంభైల మధ్యలో ఒక శీతాకాలం అది. అప్పుడు నేను దోహాలో ఒక కాంట్రాక్టు కంపెనీకి విడిభాగాల స్టోర్సు చూసేవాణ్ణి. మాది గుడివాడ వైపు. మా మామగారిదీ మా వైపే అయినా, కాజీపేటలో రైల్వే ఉద్యోగి కావడం వల్ల పెద్దకూతుర్ని నాకూ, రెండో కూతుర్ని వరంగల్ అబ్బాయికీ ఇచ్చారు. మేం తోడల్లుడంటే ఆయన సడ్డకుడనేవాడు. వయసులో నాకన్నా నాలుగేళ్ళు చిన్న, నన్ను "అన్నా" అని పిలిచేవాడు. దోహాలో ఖాళీ ఉందని ఆయనకు ఉత్తరం రాసింది నేనే. నా తరువాత వచ్చి, నాకన్నా ముందు ఫ్యామిలీ వీసా సంపాదించి, అల్ దోహా అల్ జదీదా అనే పేటలో రెండు గదుల ఫ్లాటులో సంసారం పెట్టాడు. నేనింకా కంపెనీ గదిలో ఖుబూస్ రొట్టె టీలో ముంచుకు తింటున్న రోజుల్లో మా మరదలు ఫోను చేసి, "బావగారూ, సర్వపిండి చేశాను, వచ్చి తినిపోండి" అనేది. వెళ్ళేవాణ్ణి, తినేవాణ్ణి, ఆ రుచికి కూడా కుళ్ళుకుంటూ తినేవాణ్ణి.

తరువాత మా ఆవిడా వచ్చిందనుకోండి. కానీ అప్పటికే ఊరంతా ఆయనదైపోయింది. పాకిస్తానీ డ్రైవరు దగ్గర్నుంచి మలయాళీ టైపిస్టు దాకా అందరూ ఆయనకు స్నేహితులే. సనాయియాలో, అంటే ఊరవతల వర్కుషాపులూ లేబరు క్యాంపులూ ఉండే పేటలో, కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్ళు ఆయన పికప్ కనబడితే చాలు, చుట్టూ మూగి ఇంటి కబుర్లు చెప్పుకునేవారు. నేను అదే వీధిలో వెళితే "నమస్తే సార్" అని దారి ఇచ్చేవారు. దారి ఇవ్వడం గౌరవమే, కాదనను. కానీ మూగడం వేరు.

ఇక మోటారుసైకిళ్ళ సంగతి. గుంటలూ మట్టిగుట్టలూ ఉన్న నేల మీద బండ్లతో ఎగిరి దూకుతూ చేసే పందేన్ని మోటోక్రాస్ అంటారు. అక్కడి ఇంగ్లీషు ఇంజనీర్లు కొందరు చలికాలం శుక్రవారాల్లో అల్ వక్రా దాటాక చదునుగా ఉన్న ఒక ఎడారి జాగాలో ఆ పందేలు పెట్టుకునేవారు. ఆ ఏడు కొత్తగా పాత బండ్ల తరగతి ఒకటి మొదలుపెట్టారు. కుర్రతనంలో కాలువగట్ల మీద మోటారుసైకిలు తోలిన చేతులు నావి, ఊరుకోలేదు. మా పై అధికారి ఉద్యోగం వదిలి వాళ్ళ దేశం వెళ్ళిపోతూ తన షెడ్డులో పడున్న ఒకే నమూనా పాత బండ్లు రెండు వదిలించుకుంటానంటే, అందులో మంచిది ఏరి నేను తీసుకున్నాను. మర్నాడు మా తోడల్లుడు వెళ్ళి రెండోది తెచ్చుకున్నాడు. "అన్న తీస్కున్నంక నేనెందుకు ఊకుంట?" అన్నాడు. దాని ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని రెండువైపులా పట్టుకుని కుదుపు మింగే ఆ జంట గొట్టాలు, తుప్పుపట్టి ఉన్నాయి. నా బండివి మెరుస్తున్నాయి. అప్పటికి నా మనసు చల్లగానే ఉంది.

పాత బండ్ల పందేనికి ఒక నియమావళి ఉండేది. టైర్లు, గొలుసు, కేబుళ్ళు ఎంత కొత్తవైనా ఫరవాలేదు. చట్రం, ఇంజను, ఫోర్కులు మాత్రం వాళ్ళు ఒక ఏడాది దగ్గర గీసిన గీతకు ముందు ఏళ్ళవే అయ్యుండాలి. అవి పాడైతే ఈరోజు చేయించిన నకలైనా పెట్టుకోవచ్చు, కాకపోతే నమూనా అచ్చంగా పాతదే కావాలి, ముందు చక్రం కిందికీ పైకీ ఆడే దూరం హద్దు దాటకూడదు. ఆ హద్దు ఎందుకంటే, తరువాతి ఏళ్ళలో వచ్చిన పొడవాటి ఫోర్కులు గుంటల్ని ఇట్టే మింగేస్తాయి, వాటిని రానిస్తే నిజమైన పాత బండి వెనకబడిపోతుంది. ఈ పుస్తకం నేను రెండుసార్లు చదివి గీతలు కూడా గీసుకున్నాను. మా తోడల్లుడు దాని అట్ట అయినా తిప్పలేదు.

పందేనికి కొన్ని నెలల ముందు అభ్యాసంలో పడ్డప్పుడు నా ఫోర్కులు వంగిపోయాయి. స్టోర్సు మనిషిని కదా, బండి తయారుచేసిన కంపెనీ కేటలాగులో పాత నంబరు చూసి ఆ నంబరుకే తెప్పించాను. వచ్చిన పెట్టె మీద వేరే నంబరుంది, లోపల ఒక చీటీలో ఇది ఆ పాత నంబరుకు బదులని అచ్చువేసి ఉంది. మా వృత్తిలో ఆ చీటీకి తిరుగులేదు. కంపెనీ బదులంటే బదులే. ఆ చీటీ నమ్ముకుని మేం ఎన్ని లారీలను నడిపించలేదు! నూనెకాగితం చుట్టిన ఆ గొట్టాలను మా ఆవిడ తన అద్దాన్ని తుడిచేదానికన్నా జాగ్రత్తగా తుడిచి, మా తోడల్లుడిని భోజనానికి పిలిచి మరీ చూపించాను. ఆయన ఒక్కసారి చేత్తో తడిమి, "మస్తున్నయన్నా" అని, అన్నం చల్లారిపోతోందని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. నేను ఆశించింది ఆ కళ్ళలో కాస్తంత మంట. ఒక్క నిప్పురవ్వ కూడా కనబడలేదు.

ఆయన మాత్రం సనాయియాలో లేతు మిషను ఉన్న ఒక పంజాబీ స్నేహితుడి దగ్గర తన తుప్పు గొట్టాలను నమూనాగా పెట్టి, కొత్త ఇనుముతో అచ్చం అలాంటివే కోయించి బండికి తగిలించుకున్నాడు. పాతవి పారేయకుండా ఇంకో స్నేహితుడి చేత క్రోమ్ పూత వేయించి, పికప్‌లో సీటు వెనకాల పడేశాడు. ఊరినిండా స్నేహితులున్నవాడికి పనులు అలా అవుతాయి.

ఆ శుక్రవారం ఉదయం మేం రెండు కుటుంబాలం పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్ళాం. క్యాంపుల నుంచి మనవాళ్ళు ఒక బస్సునిండా వచ్చారు. దోహాలోని తెలుగు కుటుంబాలు చాలావరకు అక్కడే ఉన్నాయి. నా పేరు వాళ్ళ నోట ఒక్కసారైనా కేకగా వినాలని, అదీ మా తోడల్లుడి పేరు కన్నా గట్టిగా వినాలని, నాకు నలభై దాటిన వయసులో ఎంత కోరికగా ఉండేదో ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, అప్పుడది నవ్వు వ్యవహారం కాదు.

పందెం మధ్యాహ్నం నమాజు తరువాత. ఉదయం పూట బండ్ల తనిఖీ. తనిఖీ చేసే ఇంగ్లీషు పెద్దమనిషి నా ఫోర్కు గొట్టానికి ఒక దారం కట్టి, బండి ముందుభాగాన్ని పట్టీలతో కిందికి బిగించి, దారం ఎంతదాకా జరిగిందో కొలిచాడు. హద్దు దాటి రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువ దిగింది. తల అడ్డంగా ఊపాడు. నేను జేబులోంచి చీటీ తీసి చూపించాను. కంపెనీ అసలు భాగం, పాతదాని బదులుగా కంపెనీయే పంపింది అని నాకు తెలిసిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టాను. ఆయన మర్యాదగానే విన్నాడు. కంపెనీ ఈ బండిని నడిపించడానికి బదులు భాగమిచ్చింది, మేం ఆ కాలాన్ని నిలబెట్టడానికి కొలుస్తున్నాం, ఇది గీత దాటిన తరువాతి ఏళ్ళ ఫోర్కు అన్నాడు. తరువాత మా తోడల్లుడి బండికీ అదే దారం కట్టి కొలిచాడు. లేతు మీద కోసిన ఆ గొట్టాలు హద్దులోనే ఆగాయి. భుజం తట్టి లోపలికి పంపాడు.

నేను బండి పక్కకి తోసి నిలబెట్టాను. నియమాలు చదివినవాడు బయట, చదవనివాడు లోపల. అసలు బయట, నకలు లోపల. మా తోడల్లుడు పొట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"గమ్మతి జూసినవాన్నా? నీది ఫ్యాక్టరీ మాల్, గది మాఫీ! నాది మొన్న కోసిన మాల్, గది పాస్!" మాఫీ అంటే అక్కడి అరబ్బీలో లేదు, కుదరదు అని.

నేను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన నవ్వు ఆపి నా మొహం చూశాడు. పికప్ దగ్గరికి వెళ్ళి, సీటు వెనకాల నుంచి గోనెసంచి లాగాడు. అందులో ఆ పాత జత, క్రోమ్ పూతతో.

"యల్లా, నడువన్నా, టైమున్నది. ఇప్పి ఇవి ఎక్కిద్దాం."

"వద్దు తమ్ముడూ. వచ్చే ఏడు చూసుకుందాం."

"ఏందన్నా, ఇనుప గొట్టాలకాడ గూడ మొగమాటమా?"

వద్దనే అనాలని ఉంది. ఆయన చేతి నుంచి తీసుకున్న ఇనుముతో పందెం చేయడం కన్నా ఇసుకలో కూర్చుని పెరుగన్నం తినడం నయమనిపించింది. ఇంతలో మా ఆవిడ వచ్చింది. "ఏమండీ, మీ నంబర్ల శాస్త్రం అయిందా? ఆయనేమన్నా బయటివాడా? ఇంతమంది మీకోసం వచ్చారు, వీళ్ళందరికీ నేనేం చెప్పను?" అంది. ఆ చివరి మాటకు లొంగాను. పానాలు పట్టుకుని ఇద్దరం ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాం. సగం బిగించేసరికి క్యాంపు కుర్రాళ్ళు చుట్టూ మూగారు, ఎవరికోసం మూగారో చెప్పనక్కరలేదు. మళ్ళీ దారం కట్టారు, హద్దులో ఆగింది, నన్నూ లోపలికి పంపారు.

పందెం గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే నేను బాగా చేశాను. ఆ పాత ఫోర్కులు ప్రతి గుంటలోనూ మెత్తగా దిగి, మెత్తగా లేచాయి. నా ముందు పోతున్న మా తోడల్లుడి బండికి మాత్రం సగం పందెం అయ్యేసరికి తిప్పలు మొదలయ్యాయి. లేతు మీద కోసిన గొట్టాల నునుపు చాలక లోపలి నూనె కారకుండా ఆపే రబ్బరు చిరిగింది. బూట్ల నిండా నూనె కారుతుంటే ముందు చక్రం మేకపిల్లలా గెంతుతోంది. చివరి చుట్టులో ఆయన్ని దాటేశాను. దాటుతున్నప్పుడు "పో అన్నా, పో!" అన్న ఆయన కేక వినబడింది. నాకు మూడో స్థానం. ఆయనకు ఐదో, ఆరో.

గీత దాటి బండి ఆపి, శిరస్త్రాణం తీసి, కేక కోసం చెవులు రిక్కించాను. కేక వచ్చింది. "అరె, మంచి జత అన్నకిచ్చి, నకిలీది తాను పెట్టుకున్నడుర బై, మనోడు!" అంటూ బస్సుమంది మొత్తం నన్ను దాటుకుని పరుగెత్తి, నూనె బూట్లతో సహా మా తోడల్లుణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఇంగ్లీషు పెద్దమనిషి నాకు చిన్న కప్పు ఒకటి ఇచ్చి, చేయి కలిపి, మీ తమ్ముడు ఎక్కడ, అతనితో మాట్లాడాలి అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ కప్పు మా ఆవిడ ఒళ్ళోనే ఉంది గానీ, అల్ వక్రా రేవులో పడవలు కనబడ్డ దగ్గర్నుంచి దోహా దీపాల దాకా ఆవిడ మాట్లాడిందంతా వాళ్ళ చెల్లెలి మొగుడి గురించే. గెలిచింది నేను. ఆ మాట డైరీలో కూడా రాసుకున్నాను.

ఫోర్కులు విప్పి, కడిగి, తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఉండనీయన్నా, నా తాన ఏం జేస్తయి?" అన్నాడు. ఇంకా రెండు చలికాలాలు పందేలు చేశాను. ఎంత ఎత్తు నుంచి దూకినా నా చేతుల కింద ఊగి నన్ను కాపాడింది ఆయన ఇనుమే. ఆ సంగతి మరిచిపోదామనుకున్నా ఆ దోవలోని ఒక్క గుంట కూడా మరవనిచ్చేది కాదు.

ఇప్పుడు మేమిద్దరం హైదరాబాదులోనే, ఊరికి చెరో కొసన ఉన్నాం. ఏ కాలపు భాగమైనా ఫోనులో వేలు నొక్కితే గుమ్మంలోకి వస్తోంది. ఎవరి పికప్‌లో ఏముందో ఎవరికీ అక్కర్లేదు, ఒకరి ముందు మరొకరు చేయి చాచే అవసరమూ లేదు. సుఖమే. మా అపార్టుమెంటులో ఒకాయన మొన్న పడవంత కారు కొన్నాడు. లిఫ్టులో కలిసి చెప్పాడు, చాలా సంతోషమండీ అన్నాను, నా అంతస్తు రాగానే దిగిపోయాను. లోపల ఏమీ మండలేదు. అసూయ పడాలన్నా ఆ మనిషి ఇంట్లో మనం నాలుగు మెతుకులు తిని ఉండాలి కాబోలు. ఆ లెక్కన నాకు మిగిలినవాడు మా తోడల్లుడొక్కడే. నెలకోసారి ఫోను చేస్తాడు, ఆరోగ్యం అడుగుతాడు, ఇన్నేళ్ళయినా ఆ గొంతు వింటే నాకు కాస్త చురుక్కుమంటుంది. ఆయనకెప్పుడైనా నామీద, ఒక్క పూటైనా, కుళ్ళు పుట్టిందో లేదో అడగలేకపోయాను. పుట్టి ఉంటే బాగుండునని మాత్రం ఉంటుంది.