చెరువు కింది గల్లీ నుంచి సదస్సుకు

అంతర్జాతీయ సంస్థల మీద ఎం.ఏ. చేశానంటే మా మన్సూరాబాద్ కాలనీలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. "గదేం చదువు బిడ్డా, లాయర్ చదువా?" అనేవాడు ఎల్బీ నగర్‌లో టైర్ల దుకాణంలో పనిచేసే మా నాయిన.

విదేశీ సంస్థలకు నివేదికలు రాసిపెట్టే ఒక కన్సల్టెన్సీలో నాకు ఉద్యోగం దొరికింది. ఆ వానాకాలం సరూర్‌నగర్ చెరువు పొంగి కింది గల్లీల్లోకి మురుగు వచ్చింది. నివేదిక కోసం అక్కడ పూలమ్ముకునే ఒకామెతో మాట్లాడి వివరాలు రాసుకున్నాను. ఆమె ఇంటి గోడల మీద నడుమెత్తున నల్లటి చార ఇంకా ఆరలేదు. ఆ వాసనలోనే నాకు చాయ్ పెట్టిచ్చింది.

తర్వాత స్టార్ హోటల్లో ఆ వరద మీదే సదస్సు. మా టీమ్ లీడ్ గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం వాడు, జెనీవాలో చదివాడు. "బస్తీ నుంచి ఒకరు వేదిక మీద ఉండాలండీ. మీరు మాట్లాడిన ఆ పూలావిణ్ణి తీసుకురండి" అన్నాడు.

ఆమె పట్టుచీర కట్టుకుని వచ్చింది. ముందు వరసలో విదేశీ అతిథులు. మైకు చేతికివ్వగానే సూటిగా చెప్పింది.

"మా అత్త లేవలేని మనిషి. మోరి నీళ్ళల్ల మంచంతోని మునిగింది. దవాఖానకు తీస్కపోయేసరికి పానం పోయింది. ఎవ్వలు రాలే. మీరు గూడ నీళ్ళు పోయినంకనే ఒచ్చిండ్రు."

ఇంగ్లీషులో చెప్పాల్సింది నేను. లీడ్ నా చెవి దగ్గరికి వంగాడు.

"అంత వద్దండీ. కష్టాల్లోనూ ధైర్యంగా నిలబడ్డామంటోందని చెప్పండి, చాలు."

"ఆమె అలా అనలేదు సార్" అన్నాను. అన్నది అన్నట్టు చెప్పేశాను.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ లేచి నిలబడి కొట్టారు. ఆమె భయపడి నా చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు కొడ్తున్రు బిడ్డా? మా అత్త సచ్చిపోయిందని సక్కగనే చెప్పినవా?"

ఆ చెయ్యి వదలకుండా ఆమెను వేదిక దింపాను.

భోజనాల వేళ ఆమె చేతికి అన్నం పొట్లమిచ్చి డ్రైవర్లు కూర్చునే చోటికి పంపించారు. "ఇక్కడైతే ఆవిడకే ఇబ్బందండీ" అన్నాడు లీడ్, రొయ్య తోక ఊసేస్తూ. నేను ప్లేటు అక్కడే పెట్టేసి బయటికి వెళ్ళాను. పొట్లం విప్పకుండా పక్కన పెట్టుకుని కూర్చుంది ఆమె. ఇద్దరం మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, ఒక చిన్న హోటల్లో అన్నం తిన్నాం.

నివేదిక అచ్చయింది. అట్ట మీద ఆమె ఫోటో, దాని కింద 'చెక్కుచెదరని ధైర్యం' అని ఇంగ్లీషులో. అది చూసిన రోజే రాజీనామా ఇచ్చాను.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో ఆ అంతర్జాతీయ సంస్థల గురించే పాఠం చెబుతున్నాను. అక్కడి ఉద్యోగాలకు ఏం చదవాలో, ఏ భాష నేర్చుకోవాలో పిల్లలు అడుగుతుంటారు. అన్నీ చెబుతాను. చెబుతున్నంతసేపూ నోరు చేదుగా ఉంటుంది.