పార్టీని అడిగారా అండీ

మౌసుకు కుడివైపు బటన్ చేసే శబ్దం ఎడమదానిలా ఉండదు. కాస్త బొంగురుగా, సగం మింగేసినట్టుగా ఉంటుంది. అమలాపురంలో నేను పనిచేసే ఆఫీసులో రోజుకు కొన్ని వందలసార్లు ఆ శబ్దం వింటాను. ఫైలు మీద నొక్కగానే తెరవడం, కాపీ చేయడం, తీసేయడం అంటూ పొడుగాటి జాబితా దిగుతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత, కళ్ళు మూతలు పడే వేళ, ఆ జాబితా దిగినప్పుడల్లా నా చూపు అడుగునున్న వరుస మీదికి పోతుంది. నేను వెతికేది అక్కడ ఉండదు. దాన్ని రాజోలులో ఒకే ఒక్క కంప్యూటర్లో పెట్టాను, అదీ ఇరవై ఏళ్ళ కిందట. అయినా కళ్ళకు ఆ అలవాటు పోలేదు.

ఆ కంప్యూటరు సుందరరావు గారిది. రాజోలు బస్టాండు దగ్గర ఆయనకు ఫోటో స్టూడియో ఉండేది. నలుపు తెలుపు బొమ్మలకు చేత్తో రంగులద్దిన కాలం మనిషి. డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగమూ దొరక్క తిరుగుతున్న నన్ను, డిజిటల్ కెమెరా కొన్న ఏడాది పనిలో పెట్టుకున్నారు. కంప్యూటరు గురించి ఆయనకు నేను నేర్పానని చాలాకాలం గర్వంగా చెప్పుకున్నాను. ఆయన నాకు నేర్పాలని చూసింది మాత్రం ఒకటే. ఫోటో ఎవరిదైనా సరే, వాళ్ళని అడగకుండా దాన్ని ముట్టుకోకూడదు. "తీసింది మనవేగానీ మొహం వాళ్ళదయ్యా రాంబాబూ" అనేవారు. నాకది పాతకాలపు చాదస్తంలా వినిపించేది.

పెళ్ళి ఫోటోలు ఒక్కొక్కటీ చాలా పెద్ద ఫైలు. డిస్కు నెలకే నిండిపోయేది. అందుకని ఆల్బం ఇచ్చేశాక ఫోటోలను సీడీకి ఎక్కించి, కంప్యూటర్లో ఉన్నవాటిని గుర్తు కోసం చిన్నవిగా చేసి ఉంచేవాళ్ళం. ఒక్కో ఫోటో తెరిచి చిన్నది చేస్తుంటే పూట గడిచిపోయేది. కంప్యూటరు లోపలి రిజిస్ట్రీలో ఒక పేరూ, దాని కింద చేయాల్సిన పనీ రాస్తే, ఫోల్డరు మీద కుడి బటన్ నొక్కినప్పుడు వచ్చే జాబితాలో ఆ పేరు కూడా చేరుతుందని ఒక పత్రికలో చదివాను. వారం రోజులు కుస్తీపట్టి "చిన్నవి చెయ్యి" అనే వరుసను చేర్చాను. ఒక్క నొక్కుతో ఫోల్డరంతా చిన్నదైపోయేది. పెద్ద ఫోటోల స్థానంలోనే చిన్నవి వచ్చి కూర్చునేవి.

సుందరరావు గారు కళ్ళజోడు పైకి నెట్టి చూశారు. "ఇదేవిటయ్యా, హోటల్లో సర్వరు చదివినట్టు వచ్చేసింది. పెసరట్టు కూడా ఉందేవో చూడు" అన్నారు. తర్వాత నవ్వు ఆపి, "మరి పెద్దవేవయ్యేయి?" అని అడిగారు.

"పోతాయండి. సీడీలో ఉంటాయి కదండీ."

"సీడీ చెయ్యకుండా నొక్కితేనో?"

"ఎందుకు నొక్కుతామండీ?"

"నీకు జ్వరవొచ్చిన రోజు నేను నొక్కుతాను. ముందు అడగమను దాన్ని."

ఏమని అడగాలో కూడా ఆయనే చెప్పారు. ఫోటోలు తీయించుకున్నవాళ్ళని ఆయన పార్టీ అనేవారు. ఆ మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశాను. అప్పటినుంచి "చిన్నవి చెయ్యి" నొక్కితే మధ్యలో ఒక పెట్టె వచ్చి, "పార్టీని అడిగారా అండీ? సీడీ ఇచ్చేరా అండీ?" అనేది. అవునంటేనే పని సాగేది. స్టూడియోకి వచ్చినవాళ్ళు అది చూసి నవ్వేవారు. "మీ మిషను కూడా మర్యాదస్తురాలేనండీ" అని ఒకావిడ మెచ్చుకుంది.

ఆ యేడు మూఢం వెళ్ళగానే పెళ్ళిళ్ళు కుప్పగా వచ్చిపడ్డాయి. డిస్కు నిండి కొత్త ఫోటోలు ఎక్కడం లేదు. ముప్పై దాకా ఫోల్డర్లున్నాయి. ఒక్కోదానికీ పెట్టె రావడం, నేను అవునని నొక్కడం. అయిదారింటికే విసుగొచ్చింది. రాసిన దాంట్లోంచి ఆ ప్రశ్నను తీసేసి, మిగిలిన ఫోల్డర్లన్నిటినీ ఒకేసారి పట్టి నొక్కి టీకి వెళ్ళాను. వాటిలో మలికిపురం పెళ్ళి ఒకటుంది. ఆల్బం ఇచ్చాంగానీ దానికింకా సీడీ చేయలేదు. టీ తాగి వచ్చేసరికి డిస్కు సగం ఖాళీ అయింది. చాలా తేలిగ్గా అనిపించింది.

రెండు నెలల తర్వాత ఆ పెళ్ళికూతురి అన్న సత్యం గారు, తల్లిని వెంటబెట్టుకుని వచ్చారు. తండ్రి గుండెపోటుతో పోయారు. పెద్దకార్యానికి గోడకు పెట్టే ఫోటో కావాలి. ఆ పెద్దాయన ఫోటో అంటే మొహం తిప్పేసుకునే మనిషి. కూతురి పెళ్ళిలో బంధువులందరితో నిలబడ్డ గుంపు ఫోటో ఒక్కటే ఉంది. ఆల్బంలోని దాంట్లో ఆయన మొహం కందిగింజంత. "కంప్యూటర్లో పెద్దది ఉంటాదికదండీ" అన్నారు సత్యం గారు.

నేను తెరిచాను. పెద్దది చేస్తున్నకొద్దీ ఆ మొహం గళ్ళుగళ్ళుగా విడిపోయింది. కళ్ళున్నచోట రెండు నల్ల చతురస్రాలు. ఆవిడ తెరకు దగ్గరగా వంగి, "ఏరండీ ఆయన?" అంది.

సుందరరావు గారు ఒక్కసారి నా వైపు చూశారు. నేను కీబోర్డు వైపు చూశాను.

"నా పొరపాటేనమ్మా" అన్నారాయన. "పెద్దవి దాచకుండా తీసేయించేను. చూసుకోలేదు."

సత్యం గారు గట్టిగానే మాట్లాడారు. నమ్మి పెళ్ళి అప్పజెబితే ఇదా అన్నారు. సుందరరావు గారు చేతులు కట్టుకుని అంతా విన్నారు. వాళ్ళు వెళ్ళాక, "ఆ ప్రశ్న ఎప్పుడు తీసేవయ్యా?" అని మెల్లగా అడిగారు.

"నేను తియ్యలేదండి. వైరస్ అయ్యుంటుందండి."

 "సరే. మళ్ళీ పెట్టు" అన్నారు.

ఆ మొహాన్నే పలచగా ప్రింటు తీయించి, ఎన్నాళ్ళుగానో మూతపడి ఉన్న రంగుల పెట్టె తెరిచారు. మూడు రోజులు కూర్చున్నారు. కుంచె మొన నాలుకతో తడిపి, ఒక్కో గడినీ చర్మంగా మార్చుకుంటూ పోయారు. ఆయనకు చత్వారం, చెయ్యి వణుకు కూడా మొదలైంది. రెండుసార్లు బస్సెక్కి మలికిపురం వెళ్ళి, పాపిడి ఎటు తీసేవారు, చెవి ఎలా ఉండేదని ఆవిడనే అడిగి వచ్చారు. ఫ్రేము కట్టి ఇచ్చిన రోజు ఆవిడ చాలాసేపు చూసింది. "బావుందండీ. మా మరిదిగారిలా ఉన్నారు" అంది. ఆ మాటలో నింద లేదు. దాన్నే గోడకు పెట్టుకున్నారు, వేరే దారి లేదు కాబట్టి.

ఆ తర్వాత మలికిపురం వైపు పెళ్ళిళ్ళు మా స్టూడియోకి రాలేదు. ఆయన ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నేను చెబుతానేమోనని చూస్తున్నారని తెలుసు. కొన్ని మధ్యాహ్నాలు, కరెంటు పోయి ఇద్దరం గుమ్మం దగ్గర కూర్చున్నప్పుడు, మాట నోటిదాకా వచ్చేది. కరెంటు వచ్చేది. లేచి లోపలికి పోయేవాణ్ణి. ఏడాదికి అమలాపురంలో ఈ పని దొరికితే వచ్చేశాను. వచ్చేముందు కూడా చెప్పలేదు.

ఆయన పోయారని కబురొస్తే వెళ్ళాను. చర్చి ఆవరణలో ప్రార్థన అయ్యింది, పెట్టెను సమాధుల తోటకు తీసుకెళ్తున్నారు. వెనక నడుస్తున్న జనంలో సత్యం గారు నా పక్కకు వచ్చారు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, భుజం మీద చెయ్యి వేశారు.

"మంచోరేనండీ పాపం. మా నాన్న ఫోటో ఒక్కటీ పోగొట్టేరుగానీ. మా అమ్మ పోయేదాకా అదే అనుకునేది. ఇంక పోయినోరి మీద ఏవుందిలెండి."

"ఆయ్" అన్నాను.

మావైపు ఎదుటివారు ఏమన్నా అవునన్నట్టు అలవాటుగా వచ్చే మాట అది. ఆయన తలూపి ముందుకు నడిచారు. నేను రెండడుగులు వెనకబడ్డాను. పిలిస్తే వినపడేంత దగ్గరలోనే ఉన్నారు. పిలవలేదు. ఆయన చెయ్యి వేసిన భుజం ఇప్పటికీ బరువుగానే ఉంటుంది.

ఆ ఫోటో పోగొట్టింది నేను, సత్యం గారూ. సుందరరావు గారు కాదు.