కంచె జరిపించిన లెక్కల సారు

మా లెక్కల సారు పోయారు. నేను చెన్నూరు దగ్గర సర్వే క్యాంపులో ఉండగా ఆయన పెద్దకొడుకు రాసిన కార్డు అందింది. అప్పటికే దినాలు కూడా అయిపోయాయి. నాలుగు రోజుల జ్వరమేనట, ఎవరినీ పరేషాన్ చేయలేదట. కార్డు జేబులో పెట్టుకుని పనిలోకి పోయాను గానీ, ఆ రోజు నా చేత ఒక్క లెక్కా తేలలేదు. ఇట్లాంటి మనిషి ఒకరు ఉండేవారని నలుగురికీ చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న ఊరు. సగం ఊరు సాలెలమే. నేను హైస్కూలుకు వచ్చేసరికి నిజాం పాలన పోయి నాలుగైదేళ్ళయింది. బడిలో చదువు ఉర్దూ నుంచి తెలుగుకు మారింది కానీ, సారు నేర్చుకున్న లెక్కలన్నీ ఉర్దూలోవే. బోర్డు మీద తెలుగులో రాస్తూ, ఎక్కాలు మాత్రం ఉర్దూలో గొణుక్కునేవారు. వెనక బెంచీలో మేమూ ఆయనలాగే గొణిగి నవ్వుకునేవాళ్ళం. ఆయనకు వినపడేది. అయినా పట్టించుకునేవారు కాదు.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. పదో తరగతి పిల్లల్లో ఏటా నలుగురినైనా సర్వే పనికి పంపాలి. శనివారం మధ్యాహ్నమైతే చాలు, ముప్పై మూడడుగుల ఇనప గొలుసు భుజాన వేసుకుని మా ముందు నడిచేవారు. అంత పొడవు, అంత వెడల్పు ఉన్న నేల ఒక గుంట. గొలుసు పడిన ప్రతిచోటా ఒక ఇనప పుల్ల గుచ్చాలి, చివరికి ఆ పుల్లలు లెక్కపెట్టాలి. కౌలుదార్లకు హక్కులొస్తున్నాయి, పాత కాగితాలన్నీ ఉర్దూలో ఉన్నాయి, కొలిచేవాళ్ళు లేరు అని ఆయన బాధ. "అందరు నీడల కూసునే నౌకరే అడుగుతరు. మరి ఎండల ఎవలు నిలవడాలె?" అనేవారు. మాస్టరీయో గుమాస్తా పనో దొరికితే చాలనుకునే మాకు ఆ మాట చెవికెక్కేది కాదు. గొలుసు గుంజుడు కూడా ఒక నౌకరేనా అని ఇళ్ళల్లో నవ్వేవాళ్ళు.

ఒక శనివారం బడి జాగానే కొలవమన్నారు. కొలిస్తే కాగితంలో ఉన్నదానికంటే మూడు గుంటలు ఎక్కువ వచ్చింది. మేం చప్పట్లు కొట్టాం. సారు మాత్రం కంచె వైపు చూస్తూ నిలబడిపోయారు. ఏటా వానలు వెళ్ళాక ముళ్ళకంచె కొత్తగా వేసేటప్పుడు మూరెడు మూరెడు అవతలికి జరుగుతూ పోయింది. ఎవరూ కావాలని చేసిన పని కాదు. కానీ అవతల ఉన్నది, నువ్వులు వేసుకుని బతికే ఒక ఒంటరి ముసలమ్మ చెలక.

సారు ఆ కొలత కాగితం మీద రాసి, మా చేత సంతకాలు పెట్టించి, పెద్దసారుకు, అంటే హెడ్మాస్టరుకు, ఇచ్చారు. పెద్దసారుకు ఆ మూల వాలీబాల్ కోర్టు వేయించాలని ఉంది. పుల్లలు పట్టుకున్నది నేనే కాబట్టి నన్ను తన గదిలోకి పిలిపించారు. పుల్లల లెక్క తప్పింది కదా అని అడిగారు. ఈ ఏడు పరీక్షకు ఎవరెవరిని పంపాలో ఇంకా చూడలేదని కూడా అన్నారు. మా సారు పక్కనే నిలబడి ఉన్నారు. లెక్క తప్పలేదని నాకు తెలుసు, రెండుసార్లు లెక్కపెట్టాను. అయినా తప్పి ఉండొచ్చు సార్ అన్నాను.

సారు నన్ను కోపంగా చూస్తారనుకున్నాను. ఆయన చాలా మామూలుగా, "అనుమానమున్నదంటుండు గద సార్. మళ్ళ కొలుద్దాం," అన్నారు. పిల్లల కొలతకు విలువేమిటని పెద్దసారు విసుక్కుంటే, "పిల్లలు చిన్నోళ్ళే సార్, గొలుసు చిన్నది కాదు గద," అన్నారు.

సోమవారం పొద్దున ప్రార్థన కాగానే బడంతా చూస్తుండగా మళ్ళీ కొలిచాం. సారు పుల్లలు మళ్ళీ నా చేతికే ఇచ్చారు. నా జన్మలో నాకు దక్కిన పెద్ద గౌరవం అదే, ఆ రోజు మాత్రం శిక్ష అనుకున్నాను. ముసలమ్మ గట్టు మీద కూర్చుని చూస్తోంది. అవే మూడు గుంటలు వచ్చాయి. అంతమంది ముందు పెద్దసారు కాదనలేకపోయారు. వారం తిరక్కుండానే కంచె వెనక్కి జరిగింది. ఆ వేసవిలోనే సారుకు ఆసిఫాబాదుకు బదిలీ అయింది. కంచె వల్లనే అని ఎవరూ అనలేదు. సారు కూడా అనలేదు.

పోయే ముందు సర్వే శిక్షణ దరఖాస్తు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. బాపు మగ్గం దిగి వచ్చి, పీట వేసి మర్యాద చేశాడు గానీ ఒప్పుకోలేదు.

"మనకు బెత్తెడు జాగ లేదు సారూ. మందిది కొలవబోయి తన్నులు తినుడెందుకు?" అన్నాడు.

"లేదనే అడుగుతున్న," అన్నారు సారు. "హద్దురాయి ఎటు జరిగినా నీ కొడుక్కు ఒచ్చేది లేదు, పొయ్యేది లేదు. గసొంటోడే కొలువాలె."

నేను గడపలో తల వంచుకుని నిలబడ్డాను. పెద్దసారు గదిలో నేనన్న మాట ఇప్పుడు బయటపెడతారేమోనని నా భయం. ఆయన చెప్పలేదు. బాపు ఆ దరఖాస్తును బట్ట నేత చూసినట్టు వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, సరే అన్నాడు. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ సరేతో వచ్చిందే.

రెండేళ్ళ కింద ఆసిఫాబాదు వెళ్ళి సారును చూశాను. చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు. జీతమెంత అని అడగలేదు, ఎన్ని ఊళ్ళు కొలిచావని అడిగారు. ఇన్నేళ్ళుగా లోపల కెలుకుతున్నది అప్పుడు చెప్పేశాను. ఆ రోజు అబద్ధమాడాను సార్, లెక్క తప్పలేదని నాకు తెలుసు అన్నాను.

"నాకు గప్పుడే తెలుసు బిడ్డా," అన్నారు. "మళ్ళ కొలిసినవ్ గద. నీ తప్పు గక్కడికే సాఫ్."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆయన అటు తిరిగి, చాయ్ చల్లారుతోందని కోడలి మీద కేకలేశారు.

వద్దన్నా వినకుండా బస్టాండు దాకా వచ్చారు. బస్సు కదిలాక కిటికీలోంచి వెనక్కి చూశాను. బడి నుంచి వస్తున్న ఇద్దరు పిల్లలను ఆపి సారు ఏదో చెబుతున్నారు. అందులో ఒకరు ఆడపిల్ల. ఆ అమ్మాయి పుస్తకాలు చంకలో పెట్టుకుని, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆయన చూపిస్తున్న చేను వైపు ఎండలోకి చూస్తోంది.