చివ్వెంల తోడికోడళ్లు, రెండు కొత్త భాషలు

2022 వానాకాలం. సూర్యాపేట కొత్త బస్టాండు దగ్గర, చెప్పుల దుకాణం పైన ఒక గది కిరాయికి తీసుకుని భాషల క్లాసులు నడిపేదాన్ని. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు నార్వేలోని ఓస్లోలో, కొన్నేళ్లు చెక్ దేశంలోని బ్ర్నోలో ఉండి వచ్చాను కాబట్టి నార్వేజియన్, చెక్ రెండూ చెప్పేదాన్ని. కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి బస్సు దిగి తడిసిన గొడుగులతో మెట్లెక్కి వచ్చినవాళ్లు ఏ భాష తేలికో తెలుసుకోవాలని మొదట అడిగే మాట ఒక్కటే: "ఏది అల్కగ వస్తది మేడం?" ఇప్పుడు నా క్లాసు వేరే వీధిలో పెద్ద హాల్లోకి మారింది. అయినా కొత్త చెప్పుల వాసన తగిలితే నాకు ఆ గదే గుర్తొస్తుంది. ఆ గదితో పాటు విజయ, సుజాత గుర్తొస్తారు.

ఇద్దరూ పక్కనే ఉన్న చివ్వెంల ఊరి తోడికోడళ్లు. ఇద్దరూ సూర్యాపేటలో ఒకే ప్రైవేటు దవాఖానలో నర్సులు, ఒకే స్కూటీ మీద డ్యూటీకి వచ్చేవాళ్లు. బయటి దేశంలో నర్సుగా చేరాలంటే ముందు అక్కడి భాషలో బి వన్ దాటాలి. బి వన్ అంటే రోగితో, డాక్టరుతో పనికి సరిపడా మాట్లాడగలిగే స్థాయి. ఇంట్లో ఒకే షరతు మీద ఒప్పుకున్నారు: పోతే ఇద్దరూ ఒకే దేశం పోవాలి, లేకుంటే ఇద్దరూ ఇంట్లోనే ఉండాలి. అందుకని ఒకే భాష ఎంచుకోవడానికి వచ్చారు.

చేరేముందు ఎవరికైనా డెమో క్లాసులు పెడతాను, రెండు భాషలూ రుచి చూడాలని. నార్వేజియన్ మొదట్లో ముద్దొస్తుంది. నేను వస్తాను, నువ్వు వస్తావు, ఆమె వస్తుంది అని మనం ఇన్ని రకాలుగా అంటామా, వాళ్లకు అన్నిటికీ 'కొమ్మర్' ఒక్కటే. ఇంగ్లిషు వచ్చినవాళ్లకు సగం మాటలు ముఖపరిచయం ఉన్నవే. చిక్కు తర్వాత వస్తుంది. ఒక్కో ఊరిది ఒక్కో యాస, దాన్ని ఆఫీసులో కూడా వదలరు. పైగా మనం కాస్త తడబడితే చాలు, వాళ్లు చక్కగా ఇంగ్లిషులోకి మారిపోతారు, మన నార్వేజియన్ అక్కడే ఆగిపోతుంది.

చెక్ దీనికి తలకిందులుగా ఉంటుంది. మొదట్లోనే భయపెడుతుంది. నామవాచకం చివర మారే విభక్తులు ఏడు రకాలు. కానీ బస్సు, బస్సుకు, బస్సులో అనుకుంటూ పుట్టినవాళ్లం, మనకు మరీ కొత్తేమీ కాదు. రాసింది రాసినట్టే చదువుతారు. పెద్దవాళ్లకు మీరు, చనువున్నవాళ్లకు నువ్వు, అదీ మనలాగే. ఊళ్లల్లో చాలామందికి ఇంగ్లిషు రాదు కాబట్టి మనం నేర్చుకోక తప్పదు.

విజయ పెద్దకోడలు, గడగడా మాట్లాడే మనిషి. నార్వేజియన్ రాగం రెండో రోజుకే పట్టేసింది. చెక్ మాత్రం ఆమెకు సుతరామూ ఎక్కలేదు. "ఇది బాసనా, పళ్లు నూరుడా మేడం?" అని విసుక్కునేది. సుజాత నోరు విప్పేది కాదు. నేను రోగిలా చెక్‌లో మూలుగుతూ అడిగితే, విజయ తడుముకుంటుంటే, పక్కనుంచి సుజాత పెదవులు సరైన జవాబు చెప్పేవి. నేను చూడగానే తల దించుకునేది.

"నీకేది నచ్చింది?" అని అడిగాను.

"అక్కకేది నచ్చితె అదే మేడం."

నాకు ఓపిక తక్కువ. ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. అయినా ఊరుకున్నాను.

ఒకరోజు విజయకు జ్వరం వచ్చి సుజాత ఒక్కతే వచ్చింది. ఆ రోజు చూడాలి ఆ పిల్లను! చెక్‌లో అడిగిందానికల్లా జవాబు చెబుతూ, తప్పుపోతే తనే నవ్వుకుని దిద్దుకుంటూ, "ఇంకోటి అడుగున్రి మేడం" అంటూ నన్ను లేవనివ్వలేదు. ఇన్నాళ్లూ ఈ మనిషిని ఎక్కడ దాచిపెట్టావమ్మా అనిపించింది.

పోయేముందు మెల్లగా అంది: "నాకు చెక్కే ఇష్టం మేడం. గని అక్కకు చెప్పకున్రి. నేను వేరేది అంటె ఇంట్ల ఇద్దర్ని ఆపుతరు. నాతోని అక్క ఎందుకు ఆగాలె?"

చెప్పనని మాటిచ్చాను. చేరే రోజు ఇద్దరూ వచ్చారు. ఏ భాష అని అడిగితే విజయ తడుముకోకుండా, "నార్వే బాసనే మేడం. ఇద్దరికీ" అంది.

నేను సుజాత వైపు తిరిగాను. "నీది?"

"దానిదేముంది, నాదే దానిది" అంది విజయ.

"కాదక్కా."

"కాదేంది?"

"నాకు చెక్ కావాలె."

విజయ లేచింది. సంచీ తీసుకుని మెట్లు దిగిపోయింది. సుజాత బెంచీ మీద కూలబడి ఏడ్చింది. నా నోటి దురుసుతో రెండు ప్రయాణాలూ ఆపానేమో అనుకున్నాను.

కాసేపటికి విజయ మళ్లీ మెట్లెక్కి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇన్నేండ్లు ఒక్క పొయ్యి మీద వండుకున్నం. నాకు చెప్పొద్దానే?" అంది. సుజాత ఇంకా ఏడుస్తుంటే కొంగుతో ముఖం తుడిచి, "ఇంట్ల నేను మాట్లాడుత. నువ్వు నోరు తెరవకు, ఏడ్చి మొత్తం ఖరాబు చేస్తవ్" అంది.

ఇంట్లో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. మర్నాటి నుంచి అదే స్కూటీ మీద వచ్చి, రెండు వేర్వేరు క్లాసుల్లో కూర్చున్నారు. ముందు అయిపోయినవాళ్లు మెట్ల మీద మిర్చిబజ్జీల పొట్లంతో రెండోవాళ్ల కోసం ఎదురుచూసేవాళ్లు. ఇప్పుడు అక్క నార్వేలోని బెర్గెన్‌లో, చెల్లె బ్ర్నోలో. ఆ సాయంత్రాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

ఈ రోజుకీ నాన్నో అన్నో ఆడపిల్లను తీసుకొచ్చి, "ఏది అల్కగ ఉంటది?" అని అడుగుతారు. వాళ్లను టీ తాగి రమ్మని కిందకు పంపి, పిల్లను అడుగుతాను, నీకేది కావాలని. జవాబు వచ్చేదాకా ఆగుతాను, తొందరపెట్టను. ఆ ఒక్క మాట చెప్పడానికి పడ్డంత కష్టం సుజాత చెక్ భాషలో ఏ పాఠానికీ పడలేదు.