మా మామ కారుకు నేను పెట్టిన మంటలు

ముందే చెప్తున్నాను. ఇందులో ఒక కారు నాశనమవుతుంది, ఒక పెద్దాయన కన్ను పోయినంత పనవుతుంది, నా పక్కటెముకలు పటపటమంటాయి. ఇంత జరిగినా ఎవరూ ఒక్క అగ్గిపుల్ల గీయలేదంటే మీరు నమ్మరు. మా సెంటినరీ కాలనీలో సగం మంది ఇప్పటికీ నమ్మరు.

మా మామ పేరు దేవదానం. నా భార్య సునీత వాళ్ళ నాన్న. గనిలో రెస్క్యూ జట్టులో పనిచేసి రిటైరయ్యాడు. అంటే లోపల మంట లేచినా, పొగ కమ్మినా, అందరూ బయటికి పరుగెత్తుతుంటే వీపుకు ఆక్సిజన్ సిలిండర్ కట్టుకొని లోపలికి పోయే మనుషుల్లో ఒకడన్నమాట. అలాంటి మనిషికి మంటంటే పడదు. ఇంట్లో గ్యాస్ పొయ్యి వెలిగిస్తే ఆర్పేదాకా వంటింటి గడప దగ్గర నిలబడి కాపలా కాస్తాడు. మా పెళ్ళయ్యాక వచ్చిన నా మొదటి పుట్టినరోజున కేకు మీద కొవ్వొత్తులు ముట్టించారో లేదో, పాట సగంలో ఉండగానే ఆయనే వంగి అన్నీ ఊదేశాడు.

ఆయనకు మంటంటే పడదు, నాకు ఆయనంటే భయం. అదేం గొంతో గానీ, 'అల్లుడా' అని పిలిచాడంటే చేతిలో ఉన్నది కింద పెట్టేసి నిలబడేవాణ్ణి. ఒకసారి కంగారులో నిండు చాయ్ గ్లాసును బల్ల ఉందనుకొని గాలిలోనే పెట్టేశాను.

రిటైరయ్యాక ఆయన ఒక తెల్లకారు కొనుక్కున్నాడు. గోదావరిఖనిలో వాళ్ళింటి సందులో స్కూటరే కష్టంగా తిరుగుతుంది కాబట్టి, కారును మా క్వార్టర్ ముందు రేకుల షెడ్డు కింద పెట్టేవాడు. రోజూ వచ్చి తుడిచి, దాని చుట్టూ ఒకసారి తిరిగి పోయేవాడు. ఆయన కంట్లో శుక్లాలు ముదిరాక, మంచిర్యాలలో ఆపరేషన్ చేయించుకొని, అక్కడికి దగ్గరలోని శ్రీరాంపూర్‌లో అత్తమ్మ చెల్లెలింట్లో వారం పాటు ఉండి రావాలనుకున్నారు. పోయేముందు తాళం నా చేతిలో పెట్టాడు.

"అల్లుడా, రోజు పొద్దుగాల ఒకసారి స్టార్ట్ చెయ్యాలె. గంతే. జరుపుడు లేదు, తిప్పుడు లేదు. సమజైందా?"

"సమజైంది మామా."

నిజంగానే సమజైంది. కానీ కారు స్టార్టయ్యాక దాని శబ్దం వింటూ ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో మీకూ తెలుసు. కాలనీలో ఒక్క చుట్టు తిప్పుదామనుకున్నాను. తిప్పాను. తిరిగి వచ్చేటప్పుడు గేటు దిమ్మె కాస్త పక్కకు జరుగుతుందనుకున్నాను. అది జరగలేదు. కొత్త గుడ్డ చింపినట్టు 'పర్‌ర్‌ర్' మని చప్పుడొచ్చింది. దిగి చూస్తే ముందు చక్రం పైనుంచి తలుపు దాకా పొడవాటి గీత. 

నా దోస్తు ఖాజా మెకానిక్. వచ్చి, వంగి, వేలితో తడిమి, తల ఊపాడు.

"అన్నా, ఇది గీత కాదు, కాలువ. మొత్తం గీకి రంగు కొట్టాలె. నా షెడ్డుల జాగ లేదు. వచ్చే వారం తీసుకరా."

"వచ్చే వారం నేనుండ ఖాజా. నా ఫోటో ఉంటది, దానికో దండ ఉంటది."

అదిగో, ఆ భయంలో ఫోన్ పట్టుకొని కూర్చుంటే ఒక వీడియో కనబడింది. ఎవరో ఒకాయన ఈల వేసుకుంటూ తన ఇంటి ముందే కారు మీద మంటల బొమ్మలు వేస్తున్నాడు. టేపు అంటించాడు, రంగు కొట్టాడు, టేపు పీకాడు, అంచుల వెంట నీలం రంగుతో వెంట్రుకంత సన్నగీతలు లాగాడు. కారు నిప్పులు కక్కుకుంటూ దూసుకుపోతున్నట్టుంది. దాని కింద గీతలున్నా, కాలువలున్నా కనబడవు!

ఖాజాను రంగు డబ్బాలు అడిగితే, వాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"అరె భాయ్, నీ మామ రెస్క్యూల జేసిండు గద? ఆయన కారుకు మంటలేస్తవా? నీకు భయం లేదా?"

"భయానికే వేస్తున్న. నువ్వు డబ్బాలియ్యి."

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టాను. సునీత స్కూలుకు పోయింది, ఆమె టీచరు. కారు రేడియోలో పాటలు పెట్టుకొని, అద్దాలన్నిటికీ పాత పేపర్లు అంటించి, ఉప్పుకాగితంతో రుద్ది పని మొదలుపెట్టాను. మొదటి మంట ఎర్రగా వచ్చింది. వచ్చినది వచ్చినట్టు ఉండకుండా కిందికి కారింది. దాన్ని ఆపడానికి పక్కన ఇంకోటి వేశాను. ఒక పక్కే వేస్తే అనుమానమొస్తుందని రెండో పక్కా వేశాను. రెండు పక్కలా ఉండి ముందు లేకపోతే బాగుండదని బానెట్ మీదా వేశాను. ఇక ఆ సన్నగీతలు! మామ మొహం గుర్తొచ్చినప్పుడల్లా చెయ్యి వణికేది. చాయ్‌కని వచ్చిన ఖాజా వాటిని చూసి నోరు తెరిచాడు.

"దవాఖానల గుండెకు మిషన్ పెడితే కాగితం మీద గీతొస్తది సూడు, గట్లున్నది అన్నా. అది గూడ పోయే పానానిది."

చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఇక్కడ జరగబోయేదానికి సాక్షిగా ఉండడం వాడికి ఇష్టం లేదు.

సాయంత్రం సునీత వచ్చింది. చేతిలో సంచి జారిపోయింది.

"ఏందయ్యా ఇది?"

"మంటలు."

"మంటలని ఎవలకన్న చెప్పకు. మిర్చిబజ్జీలు అంటించిన్నని చెప్పు, నమ్ముతరు."

అంతలోనే ఆమె ఫోన్ మోగింది. అత్తమ్మ. స్పీకర్‌లో ఆమె గొంతు పక్క వీధికి కూడా వినబడుతుంది.

"బిడ్డా, మీ బాపు అక్కడ ఉంటలేడు. టీవీ సూడనిస్తలేరని అలిగిండు. ఆటో మాట్లాడుకొని వస్తున్నం. గోదావరి బ్రిడ్జి దాటినం. ముందుగాల మీ కాడికే, కారు సూస్తడట."

ఒక్క కన్నుకే ఆపరేషన్ అయింది. దాని మీద కట్టు. రెండో కంట్లో ఇంకా పొర. అయినా ఆ మంటలు కనబడవని ధైర్యం చెప్పుకోలేను. థిన్నర్ సీసా మొత్తం గుడ్డ మీద గుమ్మరించి తుడవడం మొదలుపెట్టాను. రంగు పోతే ఒట్టు! ఎరుపు, పసుపు, నారింజ అన్నీ కలిసి కారు ముందు భాగమంతా పాకిపోయాయి. పొద్దున్నుంచి బజ్జీల్లా ఉన్నవి ఇప్పుడు, ఎవరికి చెప్పుకోను, అచ్చం మంటల్లా తయారయ్యాయి.

దీనికితోడు పక్క క్వార్టర్ అవ్వ రోజూలాగే స్నానం నీళ్ళకోసం వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేసింది. దాని పొగంతా నేరుగా మా షెడ్డులోకి వస్తోంది.

వీధి మలుపులో ఆటో చప్పుడు వినబడింది. కారును ఖాజా షెడ్డుకు తోలుకుపోవడమే దారి. ఎగిరి లోపల కూర్చొని, తలుపులు లాక్ చేసి, తాళం తిప్పాను. టిక్. మళ్ళీ తిప్పాను. టిక్. పొద్దంతా పాటలు విన్నాను కదా, బ్యాటరీ చచ్చింది. అది బతికున్నా చేసేదేం లేదు, ముందద్దం నిండా పేపర్లే. ఎటు చూసినా చిట్‌ఫండ్ ప్రకటనలు, పెళ్ళి సంబంధాలు. సీటు కిందికి జారి కళ్ళు మూసుకున్నాను.

ఆటో ఆగింది.  తర్వాత ఆ గొంతు.

"మంటా! కారు అంటుకున్నది!"

"బాపూ, అది మంట కాదు..." సునీత అంటోంది.

"దూరం జరుగు బిడ్డా! డీజిల్ వాసనొస్తున్నది! నీళ్ళు తెండ్రి! గోనె సంచులు తడుపుండ్రి! ఆ ఇసుక ఎత్తుండ్రి!"

ఎదురింటి ముందు అరుగు కట్టడానికి పోసిన ఇసుక కుప్ప ఉంది. ఆ గొంతు విన్నాక కాలనీలో ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? ఎవరు దొరికితే వాళ్ళు బక్కెట్లు పట్టుకొచ్చారు. తడి రంగు మీద ఇసుక, ఇసుక మీద నీళ్ళు, నీళ్ళ మీద మళ్ళీ ఇసుక. లోపల నేను వానలో రేకుల కింద దాక్కున్న కోడిపిల్లలా ముడుచుకున్నాను. అప్పుడే ఇసుకో పొగో ముక్కులోకి పోయి గట్టిగా తుమ్మొచ్చింది.

"లోపల మనిషున్నడు!"

ఆ మాట విన్నప్పుడు కలిగిన భయం నేను మాటల్లో చెప్పలేను. మామ తలుపు లాగాడు, రాలేదు. మరుక్షణం రాయితో తన ప్రాణం లాంటి కారు అద్దాన్ని తానే భళ్ళున పగలగొట్టాడు. చెయ్యి లోపల పెట్టి లాక్ తీసి, నా కాలర్ పట్టుకొని బస్తాను లాగినట్టు లాగి నేల మీద పడుకోబెట్టాడు. కళ్ళు తెరిస్తే ఆయన్ని చూడాలి. అందుకని తెరవలేదు. అదే నేను చేసిన పెద్ద తప్పు.

"ఊపిరాడుతలేదు!" అని రెండు చేతులూ నా రొమ్ము మీద వేసి నొక్కడం మొదలుపెట్టాడు. బొగ్గు తట్టలెత్తిన చేతులవి! పక్కటెముకలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. ఓర్చుకున్నాను. ఇంతలో నా ముక్కు మూశారెవరో. నోటి మీదికి ఖైనీ వాసన, దాని వెనక మీసం దిగుతున్నాయి.

"బతికిన మామా!" అని లేచి కూర్చున్నాను.

కాలనీ మొత్తం చప్పట్లు కొట్టింది. వాటి మధ్యలోంచి అత్తమ్మ అరుపు వినబడింది.

"వంగొద్దన్నడు డాక్టరు! బరువు లేపొద్దన్నడు! అయ్యో, కన్ను!"

చూశాను. మామ కంటి కట్టు పక్కకు జరిగింది. దాని కిందినుంచి చెంప మీదికి నీళ్ళు కారుతున్నాయి. ఆయన గోడ పట్టుకొని నిలబడ్డాడు. అప్పటిదాకా నేను పడ్డది భయమే కాదని అప్పుడు తెలిసింది.

సునీత కారు మీద పరదా కప్పేసి ఇంట్లో ఉండిపోయింది. అదే ఆటోలో మేం మంచిర్యాల వైపు పోయాం. బ్రిడ్జి మీదికొచ్చాక ఇక దాచలేకపోయాను.

"మామా, అది మంట కాదు. రంగు. నేనే వేసిన. కారుకు గీత పడ్డది, మీకు తెల్వకుండ..."

ఆయన మొహం బయటికి తిప్పుకున్నాడు. తిడితే బాగుండు, కొడితే ఇంకా బాగుండు. దవాఖాన దాకా అలా పక్కన కూర్చోవడం కంటే గోదాట్లో దూకడం సులువనిపించింది. డాక్టరు కట్టు విప్పి లైటు వేసి చూస్తున్నంతసేపూ నేను గోడకు అతుక్కొని నిలబడ్డాను. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ తప్పులతో చదివేశాను.

"కన్నుకేం కాలేదు. ఇంకోసారి ఇట్ల జేస్తే మాత్రం నా దగ్గరికి రావొద్దు," అన్నాడు డాక్టరు.

అత్తమ్మ మందులు తేవడానికి పోయింది. బయట బెంచీ మీద మామా, నేనూ. అంతలో ఆయన ఫోన్ మోగింది. ఆయనతో పనిచేసిన పాత దోస్తు. "దేవదానం, అల్లున్ని మంటల్లకెల్లి గుంజినవట గదా! ఆదివారం చర్చిల నీకు శాలువ కప్పుతమే!" అని అవతల అరుస్తున్నాడు. మామ "ఆఁ... సరే" అని ఫోన్ పెట్టేశాడు. చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"అల్లుడా."

"మామా."

"రెస్క్యూల చేసినన్ని రోజులు లోపలికి పోయిన. మనుషులను భుజం మీదేసుకొని తెచ్చిన. జర ముందుగాల చేరితే బాగుండని అనుకోని దినం లేదు. నా చేతుల మీద లేచి కూసొని మాట్లాడినోనివి నువ్వొక్కనివే."

 ఏదో అనబోయాను.

"నువ్వేం మాట్లాడకు," అన్నాడు. "కారు అంటుకున్నది. నేను ఆర్పిన. గంతే. సమజైందా?"

"సమజైంది మామా."

కారుకు నల్లరంగు కొట్టే పని ఖాజాకు పడింది. అంత మంటలో కాలిన మనిషికి ఒక్క బొబ్బైనా లేకపోతే ఎలా అని, మామే నా చేతికి తెల్లగుడ్డ చుట్టాడు. నాలుగు రోజులు ఎడమచేత్తో ఏ పనీ చేయకుండా హాయిగా తిరిగాను. ఆదివారం పొద్దున స్నానం చేసి, తొందరలో మళ్ళీ కట్టు కట్టుకొని చర్చికి పోయాను.

పాస్టరు గారు మామను పిలిచి శాలువా కప్పారు. సాక్ష్యం చెప్పమని నన్ను కూడా నిలబెట్టారు. దేవుడి ఇంట్లో ఏం చెప్పాలో తెలియక కట్టున్న చెయ్యి పైకెత్తాను. ముందు వరుసలో మా పక్క క్వార్టర్ అవ్వ కూర్చుంది.

"ఏమయ్యా, మొన్న ఎడమ చెయ్యి గద కాలింది?"

చర్చి మొత్తం నా కుడిచెయ్యి వైపు చూసింది.  ఆ క్షణంలో మామ రెండు చేతులూ పైకెత్తి, గని లోపలి మనిషికి కూడా వినబడేంత గట్టిగా "స్తోత్రం!" అన్నాడు. అందరూ "స్తోత్రం!" అన్నారు. డోలక్ మోగింది, పాట అందుకున్నారు. ఆ సందట్లో మామ నా చెవి దగ్గర గొణిగాడు.

"రెండు చేతులకు కట్టుకోకపోయినవ్, దరిద్రపోడా."

అది నన్ను ఆయన రెండోసారి రక్షించడం.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట గుండె మీద చెయ్యి వేసుకొని చెప్తున్నాను (గట్టిగా వేయను, ఎముకలు ఇంకా నొప్పి). ఇక ఈ జన్మలో ఏ బండి మీదా, అది చిన్నపిల్లల మూడు చక్రాల సైకిలైనా సరే, మంట కాదు కదా మిణుగురు పురుగును కూడా గీయను. క్రిస్మస్ నక్షత్రానికి రంగేయమని సునీత అడిగినా, కాలిన చెయ్యి చూపించి తప్పించుకుంటాను. ఏ చెయ్యి అన్నది మాత్రం ముందు మామను అడిగి.